మొగ మూసుకుంటే పొయ్యి ఆరుతుంది

సూళ్ళూరుపేట నుండి శ్రీహరికోటకు పోయే రోడ్డు మీద ప్రయాణం చేసినవారు మన పాఠకులలో చాలామందే ఉంటారు. రాకెట్టు ప్రయోగం చూపించడానికి పిల్లలను వెంటబెట్టుకుని వెళ్ళినవారు కొందరు. చలికాలంలో ఫ్లెమింగో పక్షులను చూడటానికి వెళ్ళినవారు మరికొందరు. డిసెంబరు, జనవరి నెలల్లో ఆ రోడ్డుకు ఇరువైపులా నీరే నీరు. అదే రోడ్డు మీద మే నెలలో ఒక మధ్యాహ్నం వెళ్ళి చూడండి. ముఖ్యంగా ఉత్తరపు వైపు నీరు కనబడదు. బీటలు వారిన మట్టి, దాని మీద సున్నం చల్లినట్లు ఉప్పు, దూరంగా ఒరిగిపోయి ఉన్న పడవలు కనబడతాయి. ఒకే సరస్సుకు ఈ రెండు ముఖాలూ ఉన్నాయి.

దీనికి పులికాట్ అని పేరు. మన పెద్దలు ప్రళయకావేరి అనేవారు. పక్షుల గురించి, రాకెట్ల గురించి పత్రికలు ఎప్పుడూ రాస్తూనే ఉన్నాయి. ఆ నీళ్ళ మీద ఆధారపడి పొయ్యి వెలిగించుకునే కుటుంబాల సంగతి మాత్రం, తుఫాను వచ్చినప్పుడు తప్ప, మనకు గుర్తుకు రాదు. ఈ నెల వారి గురించి నాలుగు మాటలు రాయాలని మేము అనుకున్నాము.

పులికాట్ మన దేశంలో చిలక తరువాత రెండవ పెద్ద ఉప్పునీటి సరస్సు. ఉత్తర దక్షిణాలుగా సుమారు 60 కిలోమీటర్ల పొడవు. అందులో నూటికి ఎనభై పాళ్ళకు పైగా మన రాష్ట్రంలో, మిగిలినది తమిళనాడులో ఉన్నది. తూర్పున శ్రీహరికోట దీవి అడ్డుగోడలా నిలిచి సరస్సును బంగాళాఖాతం నుండి వేరు చేస్తున్నది. పడమటి నుండి కాళంగి, దక్షిణం నుండి ఆరణి నదులు మంచినీరు తెచ్చి పోస్తాయి. 2022 ఏప్రిల్‌లో జిల్లాల పునర్విభజన జరిగినప్పుడు తడ, సూళ్ళూరుపేట, వాకాడు మండలాలు తిరుపతి జిల్లాలోకి వెళ్ళాయి. కాగితం మీద జిల్లా మారినా, కావలి మొదలుకొని తడ దాకా ఆ తీరమంతా జనం నోట ఇప్పటికీ నెల్లూరు తీరమే.

మరొక ముచ్చట చెప్పి ముందుకు సాగుతాము. ఈ సరస్సు గుండా బకింగ్‌హామ్ కాలువ పోతుంది. ఒకప్పుడు చేపలు, కట్టెలు, ఉప్పు మద్రాసుకు చేరింది ఆ దారినే. 1876-78 నాటి మహా కరువులో ఈ కాలువ తవ్వకంలో మూడున్నర మైళ్ళ పని ఒంగోలు వైపు గుత్తకు తీసుకుని, ఆకలితో ఉన్న వేలాదిమందికి కూలి చూపించినది మిషనరీ క్లౌ దొరగారే. ఆ చరిత్ర మన సంఘాలలో తెలియనివారు అరుదు. కరువు పనిగా తవ్విన ఆ కాలువ ఇప్పుడు చాలాచోట్ల పూడిపోయింది. కానీ సరస్సుకు ప్రాణాధారం కాలువ కాదు. అది వేరే ఉన్నది.

రొయ్య నడిచే దారి

సరస్సుకూ సముద్రానికీ మధ్య ఇసుక తిన్నెను చీల్చుకుని నీరు అటూ ఇటూ పోయే సందును ముఖద్వారం అని పత్రికలు రాస్తాయి. మాటలలో దాన్ని మొగ అంటాము. పులికాట్‌కు ఉత్తరాన వాకాడు మండలం వైపు కొండూరుపాళెం, రాయదొరువు దగ్గర మొగలు ఉన్నాయి. దక్షిణాన తమిళనాడులో పళవేర్కాడు దగ్గర ఒకటి ఉన్నది. ఈ మొగలు తెరచి ఉన్నంతకాలం సరస్సు బతికి ఉంటుంది. ఎందుకో తెలియాలంటే రొయ్య జీవితం కొంచెం తెలియాలి.

రొయ్య గుడ్లు పెట్టేది సముద్రంలో. గుడ్డు పగిలి వచ్చిన పిల్ల కంటికి ఆననంత చిన్నది. దానికి ఈత రాదు. పోటు నీటితో కొట్టుకుని మొగ గుండా సరస్సులోకి వస్తుంది. సరస్సులో అలల ఒత్తిడి లేదు, పెద్ద చేపల భయం తక్కువ, మేత పుష్కలం. అక్కడ మూడు నాలుగు నెలలు పెరిగి, వేలెడంత అయ్యాక, ఆటు నీటితో మళ్ళీ అదే మొగ గుండా సముద్రానికి పోతుంది. గుడ్లు పెట్టేది అక్కడే మరి. పండుగప్ప, మండపీత వంటివి కూడా తమ తమ పద్ధతిలో సముద్రానికీ ఉప్పుటేరుకూ మధ్య తిరిగేవే. సరస్సు వాటికి ఊయల అనుకుంటే, ఆ ఊయల ఉన్న ఇంటికి మొగే తలుపు.

ఆ తలుపు మూసుకుంటే రెండు విధాల నష్టం. కొత్త పిల్ల లోపలికి రాదు, కనుక ఆ ఏడు పంట లేదు. లోపల చిక్కుకున్న నీరు ఎండకు ఆవిరై ఉప్పు చిక్కబడుతుంది. వేసవి ముదిరేసరికి సరస్సు నీరు సముద్రం కన్నా ఉప్పగా మారుతుంది. ఉన్న చేప తట్టుకోలేక చస్తుంది. మొగ తెరుచుకుని సముద్రపు నీరు రోజుకు రెండు పూటలా పోటుతో వచ్చి పోతుంటే ఈ బాధ ఉండదు.

ఇంతకూ మొగ ఎందుకు మూసుకుపోతుంది? కొంత ప్రకృతి, కొంత మనుషులు. మన తూర్పు తీరం వెంబడి ఏడాదిలో ఎక్కువ నెలలు అలలు ఇసుకను దక్షిణం నుండి ఉత్తరానికి మోస్తాయి. ఎక్కడ సందు దొరికితే అక్కడ ఆ ఇసుకను పేరుస్తాయి. పూర్వం ఈశాన్య రుతుపవనాలలో కాళంగి, ఆరణి పొంగి వచ్చి ఆ ఇసుకను ఒక్క తోపుతో సముద్రంలోకి నెట్టేవి. అలా అక్టోబరు, నవంబరులలో మొగ తెరుచుకునేది, వేసవి నాటికి సన్నబడేది, మళ్ళీ వానలకు తెరుచుకునేది. ఇప్పుడు ఎగువ చెరువులూ ఆనకట్టలూ నిండిన తరువాత మిగిలిన నీరే సరస్సుకు చేరుతుంది. తోపు తగ్గింది, ఇసుక తగ్గలేదు.

వానల పద్ధతి కూడా మారింది. నెల్లూరు ప్రాంతానికి వర్షాధారం ఈశాన్య రుతుపవనమే. అది ఒక ఏడు ముఖం చాటేస్తుంది, మరొక ఏడు నెల రోజుల వాన నాలుగు రోజుల్లో కుమ్మరిస్తుంది. 2015 నవంబరులో, మళ్ళీ 2021 నవంబరులో వచ్చిన వరదలు పాఠకులకు గుర్తుండే ఉంటాయి. అలాంటి వరద మొగను తెరుస్తుంది, నిజమే. కానీ దానితో పాటు ఎగువ నుండి బురదనూ మోసుకొచ్చి సరస్సు అడుగున పరుస్తుంది. నేడు సరస్సులో చాలాచోట్ల లోతు ఒక మీటరుకు మించదు. నడుము లోతు నీళ్ళలో గెడ వేసి పడవ నడిపేవారికి, ఆ గెడ ఏ ఏటికి ఆ ఏడు ఎంత తక్కువ మునుగుతున్నదో లెక్కలు చూపనక్కరలేదు.

ఇక మేము మొదట చెప్పిన రోడ్డు సంగతి. 1969లో శ్రీహరికోటను రాకెట్ కేంద్రానికి ఎంచుకున్నారు. 1971 అక్టోబరు 9న అక్కడి నుండి మొదటి రాకెట్టు ఎగిరింది. కేంద్రానికి దారి కావాలి గనుక సరస్సుకు అడ్డంగా కట్ట పోసి రోడ్డు వేశారు. దేశానికి గర్వకారణమైన పనికి ఆ రోడ్డు అవసరమే. దానిని తప్పు పట్టడం మా ఉద్దేశం కాదు. కానీ కట్టకు అటూ ఇటూ నీరు ధారాళంగా కదలడానికి చాలినన్ని తూములు లేక సరస్సు రెండు ముక్కలైనంత పని అయింది. ఉత్తరపు ముక్క ముందుగా ఎండుతున్నది. ఆ ముక్కకు ప్రాణం పోయవలసింది రాయదొరువు మొగ. అది ఇసుకతో పూడిపోయింది. సరిగ్గా ఆ రెండూ కలిసి రావడమే ఉత్తరపు గ్రామాల కష్టానికి మూలం.

చిలకలో ఏమి జరిగింది

మూసుకుపోయిన మొగను మనుషులు తెరవగలరా అని ఎవరైనా అడిగితే ఒడిశా వైపు చూపవచ్చు. చిలక సరస్సుకూ ఇదే జబ్బు చేసింది. సముద్రాన్ని కలిపే కాలువ పొడుగై, పూడి, 1999-2000 నాటికి ఏడాదికి దొరికే చేప, రొయ్య, పీత అంతా కలిపి సుమారు 1,750 టన్నులకు పడిపోయింది. చిలక అభివృద్ధి సంస్థ నిపుణుల చేత నీటి కదలికను లెక్క కట్టించి, 2000 సెప్టెంబరు 23న ఇసుక తిన్నెను వేరొక చోట తవ్వి కొత్త మొగ తెరిచింది. దానితో నీరు సముద్రానికి చేరే దూరం దాదాపు 18 కిలోమీటర్లు తగ్గింది. 2001-02లో పట్టు సుమారు 12 వేల టన్నులకు చేరింది. ప్రమాదంలో ఉన్న చిత్తడి నేలల అంతర్జాతీయ జాబితా నుండి 2002లో చిలకను తొలగించారు.

ఇక్కడ ఒక మాట నిదానంగా చెప్పాలి. ఒక్క తవ్వకంతో చిలక కష్టాలన్నీ తీరిపోలేదు. ఆ తరువాత కూడా సరస్సును ఆక్రమించి వల కంచెలు వేసుకున్న బలవంతులకూ, సాంప్రదాయ జాలరులకూ మధ్య తగవులు నడిచాయి. నీరు వచ్చినంత మాత్రాన న్యాయం దానంతట అది రాదు. అయినా నీరే లేనిచోట న్యాయం గురించి పోట్లాడుకోవడానికి ఏమి మిగులుతుంది?

మన వైపు రాయదొరువు పూడికతీతకు కేంద్ర ప్రభుత్వ సాగరమాల పథకం కింద దాదాపు నూరు కోట్ల రూపాయల అంచనాతో ప్రతిపాదన నడిచింది. సరస్సును 1976లో పక్షుల అభయారణ్యంగా ప్రకటించారు గనుక ప్రతి పనికీ అటవీ శాఖ, వన్యప్రాణి బోర్డుల అనుమతులు కావాలి. అనుమతి అడగడం అవసరమే. గూడబాతులు నేలపట్టు చెట్ల మీద గూళ్ళు కట్టుకున్నా, పిల్లలకు మేత తెచ్చేది ఈ సరస్సు నుండే. సరస్సు ఎండితే పక్షికీ పస్తే, మనిషికీ పస్తే. మా దృష్టిలో ఇక్కడ పక్షికీ జాలరికీ పోటీ లేదు. ఇద్దరూ ఒకే కంచం దగ్గర కూర్చున్నవారు. ఐనా పక్షుల పండుగకు ఏటా పందిళ్ళు లేస్తాయి గానీ, మొగ పని మాత్రం ఫైళ్ళ మధ్య నలుగుతూ వచ్చింది.

మొగను ఒకసారి తవ్వి వదిలేస్తే లాభం లేదన్నది కూడా గమనించాలి. ఇసుకను మోసే అలలు సెలవు తీసుకోవు. పళవేర్కాడు దగ్గర తమిళనాడు ప్రభుత్వం మొగకు ఇరువైపులా రాతి గోడలు కట్టే మార్గం ఎంచుకున్నది. అలాంటి గోడలకు ఒక ఖరీదు ఉన్నది. మద్రాసు రేవు కట్టినప్పుడు దక్షిణాన మెరీనా ఇసుక బీచి పెరిగింది, ఉత్తరాన రాయపురం వైపు తీరం కోసుకుపోయింది. దక్షిణాన ఆగిన ఇసుక ఉత్తరాన లోటవుతుంది. గోడ ఎక్కడ, ఎంత పొడవున కట్టాలన్నది ఇంజనీర్లు తేల్చాలి. ఐతే ఏ నెలలో ఏ మూల ఇసుక పేరుకుంటుందో తరతరాలుగా చూసిన జాలరులను కూడా ఆ బల్ల దగ్గర కూర్చోబెట్టాలని మేము గట్టిగా నమ్ముతున్నాము.

వంతు, కట్టుబాటు

చదువు లేని జాలరి దొరికినంతా ఊడ్చి పట్టి చేపను నాశనం చేస్తాడని కొందరు తేలికగా అంటుంటారు. పులికాట్ దక్షిణ భాగంలోని పల్లెలను చూసినవారు ఆ మాట అనరు. అక్కడ పాడు అనే పద్ధతి ఉన్నది. మన వాడుకలో పాడు అంటే చెడిపోయినదని అర్థం. అక్కడ పాడు అంటే వల వేసుకునే చోటు, దాని మీద వంతు. మొగకు దగ్గరగా రొయ్య ఎక్కువగా దిగే చోట్లు కొన్నే ఉంటాయి. వాటిని బలవంతుడు ఆక్రమించకుండా, ఈ రోజు ఈ ఊరు, రేపు ఆ ఊరు, ఊరిలో ఈ రాత్రి ఈ జట్టు అని వంతులు వేసుకుంటారు. మంచి చోటు అందరికీ ఎప్పుడో ఒకప్పుడు దక్కుతుంది. వలల సంఖ్యా హద్దులో ఉంటుంది. మద్రాసు క్రైస్తవ కళాశాలలో జంతుశాస్త్రం బోధించిన ఆచార్య పి. జె. సంజీవరాజ్ గారు ఈ సరస్సును దశాబ్దాల పాటు పరిశీలించి రాసినవి చదివితే, దీని వెనుక ఎంత అనుభవం ఉన్నదో తెలుస్తుంది.

నెల్లూరు సముద్ర తీరాన పట్టపు పాళెములలో మరొక తీరు ఉన్నది. అక్కడ ఊరి కాపులు కూర్చుని దురాయి వేస్తారు. ఫలానా రోజు ఎవరూ వేటకు పోరాదు, ఫలానా వల వాడరాదు అంటే ఆ మాటకు తిరుగు ఉండదు. ఏ పోలీసూ లేకుండా సముద్రం మీద ఇంతటి క్రమశిక్షణ నిలబడటం సామాన్యమైన విషయం కాదు.

ఐతే ఈ కట్టుబాట్లను ఆకాశానికెత్తడం కూడా మాకు ఇష్టం లేదు. దురాయి పేరు చెప్పి కుటుంబాలను వెలివేసిన సందర్భాలు ఉన్నాయి. పాడు వంతు కొన్ని కులాల మగవారికే పరిమితం. యానాదులకూ, దళిత కుటుంబాలకూ, స్త్రీలకూ అందులో చోటు లేదు. నీరు నిండుగా ఉన్నప్పుడు ఈ లోపం అంతగా బయటపడదు. సరస్సు కుంచించుకుపోతున్న కొద్దీ ఉన్న కొన్ని చోట్ల కోసం ఊరికీ ఊరికీ, ఆంధ్రకూ తమిళనాడుకూ తగవు ముదురుతుంది. నీటి మీద గీసిన సరిహద్దు గీత చేపకు తెలియదు. పడవ నడిపేవాడికి తెలిసినా ఆకలి దానిని దాటిస్తుంది.

యానాదుల సంగతి ప్రత్యేకంగా చెప్పాలి. శ్రీహరికోట అడవి వారి పూర్వుల నేల. రాకెట్ కేంద్రం వచ్చినప్పుడు అనేక కుటుంబాలు అక్కడి నుండి కదలవలసి వచ్చింది. పడవ లేని, వల కొనలేని యానాది స్త్రీలు నడుము లోతు నీళ్ళలో దిగి, బురదను చేతులతో తడిమి రొయ్యలు పడతారు. ఆ పనికి పెట్టుబడి పది వేళ్ళు, మొండి ఓర్పు. సరస్సు ఎండితే అందరికన్నా ముందుగా నష్టపోయేది వారే. సహకార సంఘంలో సభ్యత్వం ఉన్నవారికి అందే వలలు, పడవలు, బీమా వంటివి వారిదాకా రావడం కష్టం, ఎందుకంటే ఆ పుస్తకాలలో జాలరి అంటే పడవ ఉన్న మగవాడు. తట్ట నెత్తిన పెట్టుకుని ఊరూరా చేపలు అమ్మే స్త్రీల కథా అంతే. మన ఇంటి గుమ్మంలో దించిన తట్ట దగ్గర పది రూపాయలకు బేరమాడతాము గానీ, ఆమె ఆ చేపను ఏ వడ్డీ అప్పు మీద పాటలో కొన్నదో అడగము.

సముద్రం వైపు

సరస్సు విడిచి సముద్రం మీదికి పోయేవారి కష్టం వేరు. మన రాష్ట్ర సముద్ర మత్స్య వేట చట్టం 1994లో వచ్చింది. దాని నియమాల ప్రకారం తీరం నుండి 8 కిలోమీటర్ల లోపు చిన్న సాంప్రదాయ పడవలవారిదే. మరబోట్లు ఆ లోపలికి రాకూడదు. కానీ తమిళనాడు నుండి వచ్చే సోనా బోట్లు ఆ హద్దును దాటి అడుగు నుండి ఊడ్చుకుపోతున్నాయని నెల్లూరు తీరం వెంబడి ఎన్నో ఏళ్ళుగా మొర. వల అడుగున రాసుకుంటూ పోతే గుడ్లు, పిల్లలు, తాబేళ్ళు అన్నీ వస్తాయి. చిన్నవారి వలలు తెగుతాయి. కడుపు మండిన ఊళ్ళవారు బోట్లను పట్టి ఒడ్డుకు లాక్కొచ్చిన సంఘటనలు పదే పదే జరిగాయి. మా అభిప్రాయంలో కొరత చట్టానిది కాదు, సముద్రం మీద దానిని కాపలా కాసే బోటుది.

సముద్రం కూడా మునుపటిలా లేదు. నీరు వేడెక్కుతున్నది. కేంద్రీయ సముద్ర మత్స్య పరిశోధనా సంస్థవారు గమనించిన ఒక విషయం చెబుతాము. నూనె కవళ్ళు ఒకప్పుడు దాదాపుగా కేరళ, కర్ణాటక తీరాల చేప. 1980ల తరువాత అవి మన తూర్పు తీరంలో కూడా చెప్పుకోదగినంతగా పడటం మొదలైంది. వేడి పెరిగిన కొద్దీ చేప తనకు తగిన నీటిని వెదుక్కుంటూ పోతుంది. ఒక చేప రావడం లాభం లాగే కనబడుతుంది. కానీ తాతల నాటి నుండి ఏ నెలలో ఏ లోతున ఏ వల వేయాలో గుర్తుపెట్టుకున్న జ్ఞాపకం ఇలా పనికి రాకుండా పోతుంటే, జాలరి ప్రతి ఏడూ మళ్ళీ ఒకటో తరగతిలో కూర్చోవలసిందే. మరింత దూరం పోవాలి, మరింత డీజిలు పోయాలి, ఖాళీ వలతో రావాలి.

గుడ్లు పెట్టే కాలంలో ఏప్రిల్ 15 నుండి జూన్ 14 దాకా 61 రోజులు తూర్పు తీరంలో మరపడవల వేట నిషేధం. చేపకు విశ్రాంతి కావాలని జాలరులు కూడా ఒప్పుకుంటారు. ఆ రెండు నెలలకు ప్రభుత్వం ఇచ్చే భృతి 2019లో 10 వేల రూపాయలు అయింది, 2025 ఏప్రిల్‌లో 20 వేలకు పెరిగింది. సంతోషించవలసిన విషయమే. కానీ ఇది సముద్రంలో వేటాడే పడవలవారికి. పులికాట్‌లో గెడ వేసుకుని తిరిగేవారికి సముద్రపు నిషేధం వర్తించదు, కనుక భృతీ అందదు. సరస్సు ఎండిపోయేది సరిగ్గా ఆ నెలల్లోనే! ప్రభుత్వం ఆపిన వేటకు పరిహారం ఉన్నది, ఎండ ఆపిన వేటకు లేదు.

చెరువులు తెచ్చినది, తీసుకుపోయినది

నెల్లూరు తీరం గురించి రాస్తూ రొయ్యల చెరువులను విడిచిపెట్టలేము. 1990ల మొదట్లో టైగర్ రొయ్య పిచ్చి పట్టినప్పుడు వరి పొలాలు సైతం చెరువులయ్యాయి. చెరువులకు వేయడానికి రొయ్య పిల్లను ఉప్పుటేళ్ళలో, సరస్సులో సన్న కన్ను వలలతో పట్టేవారు. ఒక్క టైగర్ పిల్ల కోసం దానితో పాటు పడిన ఎన్నో రకాల పిల్లలను ఒడ్డున పారబోసేవారు. మంచినీళ్ళ బావులు ఉప్పుబారాయి. 1994లో తెల్లమచ్చ వైరస్ వచ్చి చెరువులను తుడిచిపెట్టింది. ఆస్తులు అమ్ముకున్నవారు మన సంఘాలలోనూ ఉన్నారు.

తమిళనాడుకు చెందిన సర్వోదయ నాయకుడు ఎస్. జగన్నాథన్ గారు వేసిన వ్యాజ్యం మీద సుప్రీంకోర్టు 1996 డిసెంబరు 11న తీర్పు చెప్పింది. తీరప్రాంత నియంత్రణ మండలంలో రొయ్యల చెరువులు ఉండరాదని, చిలక, పులికాట్ సరస్సులకు వెయ్యి మీటర్ల లోపు అసలే తగదని ఆ తీర్పులో ఉన్నది. ఆ తరువాత 2005లో పార్లమెంటు వేరే చట్టం చేసి చెరువులను అదుపు చేయడానికి ఒక సంస్థను ఏర్పరచింది. ఈనాడు నెల్లూరు మళ్ళీ రొయ్యకు పేరు మోసింది. ఇప్పటి రకం వనామీ, దాని పిల్ల హేచరీలనుండి వస్తుంది. చెరువు పని చాలా కుటుంబాలకు కూడు పెడుతున్న మాట కాదనలేము. కానీ చెరువు యజమాని వేరు, సరస్సు జాలరి వేరు. ఆ రొయ్యతో ఈ పొయ్యి వెలగదు.

మరి బతుకు ఎట్లా అంటే, యువకులు వేరే దారులు వెదుక్కుంటున్నారు. తడకు దగ్గరలో 2008లో మొదలైన శ్రీసిటీ ఫ్యాక్టరీలకు, చెన్నై రేవులకు పనికి పోతున్నారు. పోవడంలో తప్పు లేదు. నెల జీతం వచ్చే ఇంట్లో వడ్డీ వ్యాపారి గుమ్మం ఎక్కడు. ఐతే తండ్రి పడవ మీద ఉండగా కొడుకు వేరే చోట సంపాదించడం ఒకటి, పడవ అమ్ముకుని ఇద్దరూ కూలికి పోవడం మరొకటి. మొదటిది ఎదుగుదల. రెండవది దిగజారడం. పండుగప్పను పంజరాలలో పెంచడం, చిన్న మండపీతను కొంతకాలం మేపి బరువు పెంచి అమ్మడం వంటివి కూడా పరిశోధన సంస్థలు నేర్పుతున్నాయి. చేతనైనవారు చేయాలి. వాటికీ మొగ నుండి వచ్చే మంచి నీరే కావాలి, అది మరువరాదు.

తీర గ్రామాలలో ఉన్న మన సంఘాల వారికి ఒక మాట. గ్రామసభ జరిగినప్పుడు, కలెక్టరు కార్యాలయంలో అర్జీల దినం వచ్చినప్పుడు, మొగ పూడిక, కట్టకు తూములు, యానాది స్త్రీలకు సంఘ సభ్యత్వం, సరస్సు జాలరులకు వేసవి భృతి అని నాలుగు అర్జీలు విడివిడిగా ఇవ్వండి. అన్నీ కలిపి ఒకే కాగితం మీద రాస్తే ఒక శాఖవారు మరొక శాఖ మీదికి నెట్టడానికి వీలవుతుంది. చేపల పాట జరిగే రేవులో స్త్రీలు పొదుపు సంఘంగా కలిసి కొంటే దళారి చెప్పిన ధరకు తల వంచనక్కరలేదు. వేలెడు పొడవు లేని రొయ్య పిల్లను, గుడ్లతో ఉన్న పీతను కొనము అని మన వంటింట్లో నిర్ణయించుకోవడం కూడా చిన్న పని కాదు. కొనేవారు లేకపోతే పట్టేవారు వదిలేస్తారు.

మొగ పనికి కాలం ముఖ్యం. కాళంగి పొంగేది అక్టోబరు తరువాత. రొయ్య పిల్ల లోపలికి వచ్చేది వాన నీరు, సముద్రపు నీరు కలిసే ఆ నెలలలోనే. కనుక ఇసుక తవ్వే యంత్రాలు రాయదొరువుకు చేరవలసింది ఎండలు తగ్గిన వెంటనే, వానలకు ముందు. సంతకం నవంబరులో పడితే ఆ ఏడు పంట పోయినట్లే.